మన్యంలో మరొకరి కోసం లీజు సంతకం: బాధ్యత ఎవరిది?

ప్రత్యేక వ్యాసం

అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ మండలాలకు పర్యాటకుల రాక పెరిగిన కొద్దీ విడిది గృహాలకు, భోజనశాలలకు, గుడారాల విడిదులకు స్థలాల గిరాకీ పెరిగింది. పర్యాటక పెట్టుబడుల కోసం 1/70 చట్టాన్ని సడలించాలన్న సూచన వెలువడగా, 2025 ఫిబ్రవరిలో ఏజెన్సీ ప్రాంతాల్లో బంద్ జరిగింది. ఆ చట్టాన్ని మార్చే ఉద్దేశం లేదని రాష్ట్ర ముఖ్యమంత్రి అప్పుడు స్పష్టం చేశారు. చట్టం అలాగే ఉంది, గిరాకీ కూడా అలాగే ఉంది. ఈ రెంటి నడుమ తరచు వినిపించే మార్గం ఒకటే: పెట్టుబడి గిరిజనేతరునిది, లీజు పత్రంపై సంతకమో వేలిముద్రో గిరిజనునిది. ఆ సంతకం చేసిన వ్యక్తిపై పడే చట్టపరమైన భారం ఎంత అన్న ప్రశ్న మాత్రం తగాదా వచ్చే వరకు ఎవరికీ తట్టడం లేదు.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను విడదీసి చూడవలసి ఉంది. ఒకరి తరఫున సంతకం చేయడం వేరు, ఒకరికి తన పేరును అరువివ్వడం వేరు.

మొదటిది చట్టసమ్మతమైనదే. వృద్ధుడైన తండ్రి తరఫున కుమారుడు, దూరప్రాంతంలో ఉద్యోగం చేస్తున్న అన్న తరఫున తమ్ముడు అధికారపత్రం మేరకు సంతకం చేయవచ్చు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 226వ సెక్షన్ ప్రకారం అటువంటి ఒప్పందం అసలు యజమాని స్వయంగా చేసినట్లే అమలవుతుంది. 230వ సెక్షన్ ప్రకారం వేరే ఒప్పందం లేనప్పుడు ప్రతినిధికి వ్యక్తిగత బాధ్యత ఉండదు. అయితే ఈ రక్షణకు మినహాయింపులు ఉన్నాయి. తాను ఎవరి తరఫున వ్యవహరిస్తున్నదీ ప్రతినిధి వెల్లడించని పక్షంలో, వెల్లడించినా ఆ యజమానిపై దావా వేయడానికి వీలు లేని పక్షంలో, ప్రతినిధే బాధ్యుడన్న భావన చట్టంలోనే ఉంది. లేని అధికారాన్ని ఉన్నట్లు చూపి సంతకం చేసిన వ్యక్తి ఎదుటివారికి కలిగిన నష్టాన్ని భర్తీ చేయాలని 235వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. యజమాని మరణంతో అధికారపత్రం సాధారణంగా ముగిసిపోతుందన్న సంగతిని కూడా గ్రామాల్లో చాలామంది గమనించరు. తండ్రి పోయిన తరువాత కూడా పాత పత్రంతోనే కుమారుడు లీజు పొడిగిస్తూ పోయిన సందర్భంలో ఇతర వారసులకు సమాధానం చెప్పవలసినది ఆ కుమారుడే.

కనుక తరఫున చేసే సంతకం పక్కన “ఫలానా వారి తరఫున, ఫలానా తేదీ అధికారపత్రం మేరకు” అన్న మాటలు ఉండటం కేవలం లాంఛనం కాదు. ఆ మాటలు లేకుండా కౌలుదారుగా సంతకం చేసిన వ్యక్తి, ఆ తరువాత “నేను వేరొకరి కోసం చేశాను” అని నోటిమాటతో తప్పించుకోవడం దుర్లభం. లిఖిత ఒప్పందంలోని షరతులకు విరుద్ధంగా మౌఖిక సాక్ష్యం చెల్లదన్న సూత్రం పాత సాక్ష్య చట్టంలో ఉన్నట్లే 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ కొనసాగుతున్నది.

మన్యంలో చిక్కంతా రెండవ దానితోనే. 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన, 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలైన 1/70 సవరణ ప్రకారం ఏజెన్సీలోని స్థిరాస్తిని ఎవరు బదలాయించినా, అది షెడ్యూల్డు తెగల వ్యక్తికి గాని, పూర్తిగా గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికి గాని జరగకపోతే సంపూర్ణంగా శూన్యం. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి, స్థిరాస్తికి సంబంధించిన ఇతర వ్యవహారాలు అన్నీ నిర్వచనంలో ఉన్నాయి. లీజు పదకొండు నెలలా, ముప్పై ఏళ్లా అన్న తేడా ఆ నిర్వచనంలో లేదు. ‘పదకొండు నెలల కాగితం కనుక ఫరవాలేదు’ అన్న ప్రచారానికి ఇక్కడ ఆధారం కనిపించదు. ఈ నిబంధన రాజ్యాంగబద్ధతను సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో సమర్థించింది.

పత్రంలో గిరిజనుని పేరు ఉన్నంత మాత్రాన వ్యవహారం సక్రమమైపోదు. ఏజెన్సీలో గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న స్థిరాస్తి గిరిజనుని నుంచి బదలాయింపుగా వచ్చినదేనని, కాదని రుజువయ్యే వరకు, చట్టం భావిస్తుంది. రుజువు భారం ఆస్తిని అనుభవిస్తున్న వ్యక్తిదే. అందువల్ల విచారణాధికారి చూడవలసినది పత్రం పైపేరు ఒక్కటే కాదు. అద్దె ఎవరి ఖాతా నుంచి వెళ్తున్నది, కట్టడానికి డబ్బు ఎవరిది, రాబడి ఎవరి చేతికి చేరుతున్నది అన్నవే అసలు ప్రశ్నలు. దరఖాస్తుపై గాని, ప్రభుత్వోద్యోగి లిఖితపూర్వక సమాచారంపై గాని, తనంతట తానుగా గాని అధికారి నోటీసు ఇచ్చి, విచారించి, ఖాళీ చేయించి, భూమిని బదలాయించిన వ్యక్తికి లేదా అతని వారసులకు తిరిగి అప్పగించవచ్చు. నిబంధనను ఉల్లంఘించి ఆస్తి పొందిన వ్యక్తికి ఏడాది వరకు కఠిన కారాగారం, రెండు వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కోట్ల రూపాయల విడిది గృహం ముందు రెండు వేల రూపాయల జరిమానా ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు.

భూమి ఇచ్చిన గిరిజనునికి భూమి తిరిగి వస్తుంది. పేరు ఇచ్చిన గిరిజనునికి ఏమి వస్తుంది? అతనికి వెనుక ఉన్న పెట్టుబడిదారునితో ఉన్న రహస్య ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చట్టవిరుద్ధ ఉద్దేశం గలది కనుక చెల్లదు. ఇస్తానన్న నెలసరి మొత్తం ఆగిపోతే కోర్టుకు వెళ్లి రాబట్టుకునే దారి ఉండదు. ప్రతినిధికి కలిగిన నష్టాన్ని యజమాని భరించాలన్న 222వ సెక్షన్ న్యాయసమ్మతమైన పనులకే వర్తిస్తుంది. మరోవైపు అద్దె బకాయి, విద్యుత్ బకాయి, పనివారి వేతనాలు వంటివన్నీ పత్రంలో ఎవరి పేరు ఉంటే వారి గుమ్మం ముందుకే వస్తాయి. ఇంతటితో ఆగదు. సొమ్ము ఒకరిది, ఆస్తి మరొకరి పేరిట ఉన్న వ్యవహారాలకు 2016 నవంబరు 1 నుంచి సవరించిన బినామీ చట్టం వర్తించే అవకాశం ఉంది. ఏదైనా చట్టాన్ని వమ్ము చేయడానికి బినామీ వ్యవహారం నడిపినట్లు రుజువైతే అసలు లబ్ధిదారుతో పాటు పేరు ఇచ్చిన వ్యక్తికి కూడా ఒకటి నుంచి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం వరకు జరిమానా పడవచ్చు. భూబదలాయింపు నిబంధన గిరిజనుని రక్షించవలసిన వ్యక్తిగా చూస్తే, బినామీ చట్టం అదే వ్యక్తిని నిందితునిగా చూస్తుందన్నది గమనార్హం.

గనుల లీజుల్లో ఈ భారం మరింత హెచ్చు. అనంతగిరి మండలం బొర్రా పరిసర గ్రామాల్లో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గనుల లీజులపై సమత సంస్థ నడిపిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. 1/70లోని ‘వ్యక్తి’ అన్న పదంలో ప్రభుత్వం కూడా చేరుతుందని, షెడ్యూల్డు ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు నిర్ణయించారు. ఆ కేసులో లీజులిచ్చి ఓడిన పక్షం ప్రభుత్వమేనన్న వాస్తవాన్ని దాచనక్కరలేదు. గిరిజనుల సహకార సంఘాలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఖనిజాలను వెలికితీయడానికి ఆ తీర్పు అవకాశం ఉంచింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వరాదని రాష్ట్రం 1991లోనే కేంద్ర గనుల చట్టానికి సవరణ చేసి ఉన్నది.

ఆ తరువాత లీజు గిరిజనుని పేరిట, యంత్రాలు వేరొకరివి అన్న పద్ధతికి గిరాకీ ఏర్పడటం ఊహించరానిదేమీ కాదు. 1960 నాటి ఖనిజ రాయితీ నియమావళి దీనిని ముందే పసిగట్టింది. లీజుదారుకు గణనీయంగా ఆర్థిక సహాయం చేసి పనులను వాస్తవంగా తన అదుపులో ఉంచుకునే ఏర్పాటును ప్రభుత్వ అనుమతి లేకుండా చేసుకోరాదని 37వ నియమం నిషేధించింది. కాల్సైట్ వంటివి 2015 ఫిబ్రవరిలో చిన్నతరహా ఖనిజాల జాబితాలోకి మారడంతో అవి రాష్ట్ర నియమావళి పరిధిలోకి వచ్చాయి. అయినా లీజుదారు బాధ్యత తగ్గలేదు. రాయల్టీ బకాయిలను భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చు. గనిలో ప్రమాదం జరిగితే, 2025 వరకు అమలులో ఉన్న 1952 నాటి గనుల చట్టం నిర్వచించిన ‘యజమాని’లో లీజుదారు చేరి ఉండేవాడు. కొండ తొలిచిన యంత్రం ఎవరిదో విచారణలో తేలే లోపే నోటీసు గూడెంలోని సంతకందారుకు చేరుతుంది.

ప్రభుత్వ రంగ సంస్థ పేరిట లీజు, ఖనిజం మాత్రం ప్రైవేటు కర్మాగారానికి అన్న ఏర్పాటుపైనా ఇదే తరహా ప్రశ్న తలెత్తింది. 2005లో కుదిరిన బాక్సైట్ ఒప్పందం ఆ కోవలోనిదే. జెర్రెల అటవీ భూముల మళ్లింపుకు 2015 నవంబరులో వెలువడిన జి.ఓ. 97పై మన్యంలో తీవ్ర నిరసన వ్యక్తమైంది. అది 2019లో రద్దయింది.

సంతకం ఇప్పటికే చేసి ఉన్న గిరిజనులకు దారులు పూర్తిగా మూసుకుపోలేదు. పత్రంలోని విషయాన్ని చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకున్న సందర్భంలో, పలుకుబడితో గాని మోసంతో గాని సమ్మతి పొందిన సందర్భంలో ఆ ఒప్పందాన్ని సవాలు చేసే హక్కు ఉంది. భూబదలాయింపు నిబంధన కింద స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కు తామే దరఖాస్తు చేసుకోవచ్చు. షెడ్యూల్డు తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. దరఖాస్తుతో పాటు లీజు పత్రం నకలు, అద్దె రశీదులు, బ్యాంకు ఖాతా వివరాలు, వ్యాపారం వాస్తవంగా నిర్వహిస్తున్న వ్యక్తి పేరు జతపరచవలసి ఉంటుంది.