నాగపూర్‌కి మారమని చెప్పేదెవరు?

మా ఊళ్లో కంప్యూటర్లకు రెండు గండాలు: మే నెల ఎండ, జూలై వాన. చంద్రపూర్‌లో 46, 47 డిగ్రీలంటే ఎవరూ వార్తగా కూడా చూడరు. సర్వర్ గదిలో ఒక ఏసీ మొరాయిస్తే రెండోది ఎంతసేపు లాగుతుందోనని మేం గోడ మీది థర్మామీటర్ వైపే చూస్తూ కూర్చుంటాం. ఇక వానాకాలం. వార్ధా నది నిండుగా ఉన్నప్పుడు ఇరయి ఏటి నీళ్లు హడస్తి దగ్గర అందులో కలవలేక వెనక్కి తంతాయి. ఏటి ఒడ్డు బస్తీలు మునుగుతాయి. బల్లార్‌పూర్ నుంచి రాజురా వెళ్లే వంతెన మూసేస్తారు. 2022 జూలైలో ఇవన్నీ చూశాం.

నేను ఇక్కడ ఒక సహకార పరపతి సంస్థలో సర్వర్లు చూసే ఉద్యోగిని. గని కార్మికులు, పేపర్ మిల్లు వాళ్లు, కూరగాయల వ్యాపారులు దాచుకున్న డబ్బుల లెక్కలు, తీసుకున్న అప్పుల లెక్కలు మా దగ్గర ఉంటాయి. ఎండకూ వానకూ భయపడే మా సంస్థ 150 కిలోమీటర్ల అవతల నాగపూర్‌లో ఒక డేటా సెంటర్‌లో అద్దెకు చోటు తీసుకుంది. దాన్ని అందరూ డీఆర్ అంటాం, అంటే డిజాస్టర్ రికవరీ. ఇక్కడ ఏదైనా జరిగితే పని అక్కడి నుంచి నడవాలి. డబ్బు పెట్టారు, సర్వర్లు కొన్నారు, లైసెన్సులు కట్టారు. పెద్దలు ఒక్కటి మాత్రం తేల్చలేదు: మారమని ఎవరు చెప్పాలి?

సంగతి అర్థం కావాలంటే లోపల ఏముందో కొంచెం చెప్పాలి. ఒకప్పుడు ఒక్కో పనికి ఒక్కో కంప్యూటర్ ఉండేది. ఇప్పుడు రెండు మూడు పెద్ద సర్వర్లలోనే డేటాబేస్, లాగిన్‌లు చూసేది, బ్రాంచీలకు తెర చూపించేది, అన్నీ వేర్వేరు వర్చువల్ మెషీన్లుగా ఉంటాయి. మేం వీఎం అనేది చివరికి కొన్ని ఫైళ్ల కట్టే. దాని డిస్కు ఒక ఫైలు, దాని సెట్టింగులు ఇంకో ఫైలు. ఫైళ్లు కాబట్టే వాటిని ఇంకో ఊరికి కాపీ చేసి, అక్కడి సర్వర్ మీద లేపవచ్చు. ఏది ముందు లేవాలో కూడా రాసి పెట్టుకుంటాం. ముందు సర్వర్ల పేర్లకు అడ్రస్‌లు చూపే డీఎన్‌ఎస్, లాగిన్‌ల సర్వర్, ఆ తర్వాత డేటాబేస్, దాని మీద నడిచే అప్లికేషన్, అన్నిటికన్నా చివర వెబ్ సర్వర్. ఈ వరస తప్పితే అన్నీ లేచి కూడా ఏదీ పనిచేయదు. వరస ప్రకారం లేపే పనిని సాఫ్ట్‌వేర్ చక్కగా చేస్తుంది.

మరి ఎప్పుడు లేపాలో కూడా దానికే వదిలేయవచ్చు కదా అని మా చైర్మన్ గారు ఒకసారి అడిగారు. మంచి ప్రశ్నే. చంద్రపూర్ సర్వర్ గది కాలిపోయినా, మధ్యలో వరోరా దగ్గర జేసీబీ ఫైబర్‌ని తెంపేసినా నాగపూర్‌లో ఉన్న యంత్రానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి: అవతలి నుంచి జవాబు లేదు. రెండో సందర్భంలో అది తనంతట తాను లేచిందంటే ఇక్కడొక లెక్క, అక్కడొక లెక్క నడుస్తాయి. ఒకే ఖాతాలోంచి రెండు చోట్లా డబ్బు తీయవచ్చు. ఆ రెండు లెక్కల్ని మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు. మూడో చోట సాక్షిగా ఇంకో సర్వర్ పెట్టే పద్ధతి ఉంది గానీ మా స్థాయి సంస్థలు అంత ఖర్చుకు సిద్ధపడవు. కాబట్టి మాలాంటి చోట ఈ మాట మనిషే చెప్పాలి.

చెప్పాల్సిన మనిషికి ఎందుకు నోరు రాదో నేను దగ్గరుండి చూశాను. ఒక వానాకాలం ఉదయం చంద్రపూర్‌లో మా స్టోరేజ్ సగం చచ్చి సగం బతికినట్టు అయ్యింది. పూర్తిగా పోతే గొడవే ఉండేది కాదు. డేటాబేస్ ఒక్కో ఎంట్రీకి నిమిషాలు తీసుకుంటోంది, కౌంటర్ల ముందు జనం గొడుగులు దులుపుకుంటూ నిలబడ్డారు. వెండర్ తరఫున వచ్చిన ఇంజనీర్ కుర్రాడు ల్యాప్‌టాప్ లోంచి తలెత్తకుండానే ‘అర్ధా తాస్, సర్’ అన్నాడు మరాఠీలో. అరగంటట. ఆ అరగంట అయ్యాక మళ్లీ ‘అర్ధా తాస్’. నేను మేనేజర్ గారి దగ్గరికి వెళ్లి, ‘సర్, నాగపూర్‌కి మారిపోదాం’ అన్నాను. ‘ఇంకో అరగంట చూద్దాం. చైర్మన్ సాహెబ్‌ని అడక్కుండా నేనెలా చెప్తాను?’ అన్నారు. చైర్మన్ గారు వణీలో ఏదో పెళ్లిలో ఉన్నారు, ఫోన్ ఎత్తలేదు. అరగంటలన్నీ కలిసి సాయంత్రమైంది. నాగపూర్‌లో మా సర్వర్లు రోజంతా చల్లటి గదిలో ఖాళీగా ఉన్నాయి.

మేనేజర్ గారిది పిరికితనం అనను. ఆయన భయానికి లెక్క ఉంది. ఇక్కడ పడిన ప్రతి ఎంట్రీ అదే క్షణంలో అక్కడా పడాలంటే, అది నాగపూర్ చేరి ‘అందింది’ అని జవాబు వచ్చేదాకా కౌంటర్ ఆగాలి. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోను రాను 300 కిలోమీటర్లకు ఒకటిన్నర మిల్లీసెకండు, అదీ తీగ తిన్నగా ఉంటే. మధ్యలో పెట్టెలున్నాయి, వంకర దారులున్నాయి. ప్రతి రాతకూ ఇంత ఆలస్యం డేటాబేస్‌కి బరువే. అందుకే అలాంటి కాపీని సాధారణంగా 100 కిలోమీటర్ల లోపే పెట్టుకుంటారు. మేం పావుగంటకోసారి మార్పుల్ని పంపుతాం. అంటే హఠాత్తుగా మారితే చివరి పావుగంట ఎంట్రీలు నాగపూర్‌లో ఉండకపోవచ్చు. రూ.5,000 కట్టి రసీదు జేబులో పెట్టుకుని వెళ్లిన మనిషి ఖాతాలో ఆ డబ్బు కనిపించదు. రసీదుల కార్బన్ కాపీలు చూసి ఒక్కోటీ మళ్లీ కొట్టాలి. పైగా వెళ్లడం ఒక ఎత్తయితే తిరిగి రావడం ఇంకో ఎత్తు. నాగపూర్‌లో పని మొదలైన నిమిషం నుంచి చంద్రపూర్ కాపీ పాతబడిపోతుంది. కాపీ దిశ తిప్పి, అక్కడి నుంచి ఇక్కడికి అంతా నింపుకుని, మళ్లీ ఒక రాత్రి కూర్చుని మారాలి. ఇంత పనికి సంతకం పెట్టడం కన్నా ఇంకో అరగంట చూద్దామనడం ఎవరికైనా తేలికే.

ఇది చిన్న ఊరి చిన్న సంస్థ బలహీనత అనుకోనక్కర్లేదు. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉదయం 11:40కి ట్రేడింగ్ ఆగిపోయింది. రెండు టెలికాం కంపెనీల లింకులూ ఇబ్బంది పెట్టాయని చెప్పారు. వాళ్లకు చెన్నైలో డీఆర్ ఉంది, అయినా మారలేదు. మధ్యాహ్నం 3:45కి గానీ మార్కెట్ మళ్లీ తెరవలేదు. దేశంలో ఇంతకన్నా డబ్బూ నిపుణులూ ఉన్న చోటు ఎక్కడుంది? నెల తిరక్కుండానే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన తెచ్చింది. కీలకమైన వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లో దాన్ని విపత్తుగా ప్రకటించాలి, ప్రకటించాక 45 నిమిషాల్లో రెండో చోటు నుంచి పని నడవాలి. ఆ మొదటి 30 నిమిషాల గడువే నాకు నచ్చింది. ఎదురుచూడటానికి అది హద్దు గీసింది.

ఎవర్నీ అడక్కుండా నిర్ణయం చెప్పే అధికారం మా బాపుకు ఉండేది. ఆయన లాల్‌పేట గనిలో మైనింగ్ సర్దార్‌గా చేశాడు. కరీంనగర్ వైపు నుంచి బొగ్గు కోసం వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. సర్దార్ చేతిలో ఒక కర్ర ఉంటుంది. దాంతో పైకప్పు మీద తట్టి శబ్దం వింటాడు. గట్టిగా మోగితే సరే. డొల్లగా వినిపించిందంటే కింద ఉన్నవాళ్లందర్నీ బయటికి పంపేస్తాడు. బొగ్గు గనుల నిబంధనల్లోనే ఉంది ఇది: తన సెక్షన్‌లో ప్రమాదం కనిపిస్తే మనుషుల్ని వెనక్కి తీసుకురావడం సర్దార్ బాధ్యత. మేనేజర్‌ని అడిగి రావాలని లేదు. ఆ షిఫ్టులో టన్నులు తగ్గాయని తర్వాత అరిచినవాళ్లుంటారు. ‘అడుగుకుంట కూసుంటే కప్పు ఆగుతదా?’ అనేవాడు బాపు. ఆయన చదివింది ఏడో తరగతి. ఆయనకు చట్టం ఇచ్చిన అధికారంలో పదో వంతు మా సర్వర్ గదిలో ఎవరికీ లేదు.

డ్రిల్స్ చేస్తున్నాం కదా అంటారు. చేస్తాం, ఆదివారం పూట. సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ నొక్కితే వీఎంలు నాగపూర్‌లో బయటి ప్రపంచంతో సంబంధం లేని ఒక మూసిన నెట్‌వర్క్‌లో లేస్తాయి. అన్నీ పచ్చగా చూపిస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి రిపోర్టులో అంటిస్తాం, ఆడిటర్ సంతోషిస్తాడు. ఆ మూసిన గదిలో తెలియనివి చాలా ఉన్నాయి. ఎస్సెమ్మెస్‌లు పంపే కంపెనీకి మా చంద్రపూర్ ఐపీ అడ్రస్ మాత్రమే తెలుసు, నాగపూర్ నుంచి అడిగితే ఓటీపీ పంపదు. ఒక పాత అప్లికేషన్ లైసెన్స్ ఇక్కడి సర్వర్‌కి గుచ్చిన డాంగిల్‌లో ఉంది. రాజురా బ్రాంచిలో పాస్‌బుక్ ప్రింటర్ పాత సర్వర్ పేరునే వెతుకుతుంది. సోమవారం పొద్దున జీతాల రోజున కౌంటర్ ముందు జనం ఉంటే తప్ప ఇవి బయటపడవు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ వాళ్లు 2024 మార్చి 2న, మళ్లీ మే 18న నిజమైన ట్రేడింగ్‌నే కొంతసేపు డీఆర్ నుంచి నడిపి చూశారు. రెండూ శనివారాలే అనుకోండి. అయినా నిజమైన డబ్బుతో చేశారు, అది మెచ్చుకోవాలి.

కాపీ ఉంది కదా అన్న ధీమా ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. 2024 జూలై చివర్లో సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, దాని సేవల మీద ఆధారపడ్డ దాదాపు 300 చిన్న బ్యాంకులకు చెల్లింపులు ఆగిపోయాయి. ఎక్కువ భాగం సహకార, గ్రామీణ బ్యాంకులే. అలాంటి దాడిలో ఫైళ్లకు తాళం పడితే ఆ తాళం పడ్డ ఫైళ్లు కూడా పావుగంటలో బుద్ధిగా రెండో ఊరికి కాపీ అయిపోతాయి. అందుకే నాలుగు రోజుల కిందటి, పది రోజుల కిందటి కాపీలు ఎవరూ మార్చలేని చోట విడిగా ఉండాలి. ఇక కాపీయే లేకపోతే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. 2025 సెప్టెంబర్ 26న డేజన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలకు మంటలంటుకున్నాయి, 709 వ్యవస్థలు ఆగాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. అంత పెద్దదానికి బయట బ్యాకప్ పెట్టలేదట.

వేరే ఊళ్లో పెట్టినంత మాత్రాన గండం వేరైపోదు, అదీ చూసుకోవాలి. మాకు 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఊరి పక్కనే ఉంది (దీపం కింద చీకటి మాకు కొత్త కాదు, కరెంటు కోతలు మాకూ ఉంటాయి). మా జిల్లాలోనే భద్రావతిలో పశ్చిమ, దక్షిణ గ్రిడ్‌లను కలిపే హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) కేంద్రం ఉంది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకటైనప్పుడు దక్షిణాది గ్రిడ్ నిలబడింది. అప్పట్లో అది మిగతా దేశంతో ఇలాంటి డీసీ లింకుల ద్వారానే కలిసి ఉండేది, అవతలి కుదుపు ఇవతలికి సూటిగా రాలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైన్‌తో దేశమంతా ఒకే గ్రిడ్ అయ్యింది. మా రెండు చోట్లూ ఒకే గ్రిడ్ మీద ఉన్నాయి, ఒకే హైవే పక్క ఫైబర్ మీద ఉన్నాయి. రెండు కంపెనీల దగ్గర లింకులు తీసుకున్నాం. ఒక గొయ్యి తవ్వితే రెండూ తెగాయి, ఎందుకంటే రెండూ ఒకే కాలువలో పడుకుని ఉన్నాయి.

ఇదంతా ఖర్చే. 2023 నవంబర్‌లో వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీ వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొన్నాక ఒక్కసారి కొని పెట్టుకునే లైసెన్సులు పోయి చందా పద్ధతి వచ్చింది. చాలా సంస్థల బిల్లులు పెరిగాయి. బడ్జెట్ కోసేటప్పుడు ఎవరి కళ్లయినా ముందు పడేది ఏడాదంతా ఖాళీగా ఉన్న డీఆర్ మీదే. దాని ఖాళీతనమే దాని మీద నేరారోపణ. అందుకే దానికి పని ఇవ్వమంటున్నాను.

సహకార సంస్థలైనా, మునిసిపాలిటీలైనా, ఆసుపత్రులైనా ఏడాదిలో ఒక వారం పూర్తిగా రెండో చోటు నుంచే నడవాలి. ఆదివారం కాదు, సోమవారం నుంచి శనివారం దాకా. ఖాతాదారులకు ముందే బోర్డు పెట్టి చెప్పాలి. ఇక రోజువారీ పనికి, ప్రతి షిఫ్టుకూ ఒక ఉద్యోగి పేరు రాసి గోడకు అంటించాలి: ఇన్ని నిమిషాలు సేవ ఆగితే ఈ మనిషి మారమని చెప్తాడు, ఎవర్నీ అడగనక్కర్లేదు, తర్వాత అతన్ని నిలదీయకూడదు. ఈ చివరి మాట పాలకమండలి తీర్మానంలో ఉండాలి. నోటి మాటగా ఉంటే మొదటి గొడవకే చెరిగిపోతుంది.

మా మేనేజర్ గారికి ఇదే చెప్పాను. వారం నడపడానికి ఒప్పుకున్నారు, జనవరిలో పెట్టుకుందామన్నారు. చల్లగా ఉంటుంది, దారులు బాగుంటాయి, నాగపూర్ వెళ్లి రావడం తేలిక అని. నేను జూలై అడుగుతున్నాను. వంతెన మూసినప్పుడు, ఫైబర్ తెగినప్పుడు, మాలో సగం మంది ఆఫీసుకు చేరలేనప్పుడు ఇది నడుస్తుందో లేదో జనవరిలో తెలియదు. ఇంకా ఒప్పుకోలేదు.