ప్రింటంటే జిరాక్సు కాదు బాబూ!

లక్ష్మా గౌడ్ ఎచింగ్ చూపిస్తే "ప్రింటే కదా, మరి ఒరిజినల్ ఎక్కడుంది?" అంటారు. అదే మనిషికి ఏదో పెయింటింగుని స్కాన్ చేసి, ఇంక్‌జెట్టులో తీసి, కింద పెన్సిల్‌తో 12/100 అని రాసిస్తే "లిమిటెడ్ ఎడిషన్" అని మురిసిపోయి కొనుక్కుంటాడు. మొదటిది తెలియనితనం. రెండోది ఆ తెలియనితనం మీద నడిచే వ్యాపారం. నాకు మండేది ఈ రెండో దాని మీదే.

తేడా తెలుసుకోడానికి పారిస్ దాకా పోనక్కర్లేదు, మా జనగామ వైపు వస్తే చాలు.

తహసీల్దారు ఆఫీసులో రబ్బరు స్టాంపు చూశారుగా? ఎత్తుగా ఉన్నచోటే ఇంకు అంటుతుంది. వుడ్‌కట్, లినోకట్ అంతే. అక్కర్లేనిదంతా చెక్కి పారేస్తారు.

ఎచింగ్ దీనికి తిరగేసి. హైవే పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద ఉలితో, సుత్తితో బొమ్మ తేలుస్తారు. యూరపులో రాగి రేకు మీద గీత చెక్కి కాయితం మీద అచ్చు తీసే పని కూడా 15వ శతాబ్దంలో కంసాలి చేతుల్లోంచే వచ్చింది. ఎచింగ్‌లో ఆ ఉలి పని యాసిడ్ చేస్తుంది. రేకుకి మైనం పూత పూసి సూదితో గీస్తే, గీసినచోట యాసిడ్ తినేస్తుంది. ఆ గాడుల్లో ఇంకు కూరి, పైపైన తుడిచేసి, తడి కాయితం పెట్టి ప్రెస్సులో నొక్కుతారు. కాయితం గాడిలోకి దిగి ఇంకుని లాక్కుంటుంది.

లితోగ్రాఫులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. సున్నపురాయి మీద జిడ్డుతో గీసి రాయిని తడుపుతారు. తడి ఉన్నచోట ఇంకు అంటదు, జిడ్డున్నచోట అంటుతుంది. ఇక స్క్రీన్ ప్రింటు సంగతి పెళ్ళికార్డులు కొట్టించిన ప్రతివాడికీ తెలుసు, తెరలోంచి రంగు దిగడమే.

సరే, మరి లితో అయితే చాలు, ఒరిజినల్ అయిపోతుందా? కాదు. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సు రాళ్ళ మీదే లక్ష్మీ సరస్వతుల్ని అచ్చేసింది. జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఎక్కడ పూజగది చూసినా ఆ లక్ష్మి వారసురాలే కనిపిస్తుంది. కానీ అవి పెయింటింగులకి నకళ్ళే.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: అచ్చు పడకముందు ఈ బొమ్మ ఇంకెక్కడైనా ఉందా? ఎచింగ్‌కి లేదు. రేకు బొమ్మ కాదు, పనిముట్టు. కాయితం మీద పడ్డదే బొమ్మ. పాతిక తీస్తే పాతికా ఒరిజినల్సే. అచ్చులు తీసేకొద్దీ రేకు అరుగుతుంది, కాబట్టి ఆ అంకెకి అర్థం ఉంది. ఫైలు అరగదండీ! వంద తీశాక నూటొకటోది తియ్యకుండా ఆపేది అమ్మేవాడి నోటిమాట ఒక్కటే.

ఇంక్‌జెట్టు పాపం అనట్లేదు. కంప్యూటర్ మీదే బొమ్మ గీసి ప్రింటు తీసేవాళ్ళున్నారు, అది వాళ్ళ పద్ధతి. పెయింటింగుకి నకలు తీసి, "జిక్లే" అని 1991లో పుట్టిన ఫ్రెంచి పేరు తగిలించి, నెలల తరబడి రేకుతో కుస్తీ పట్టినవాడి పని పక్కన కూర్చోబెట్టడమే మోసం. జనగామ పక్కనే ఉన్న చేర్యాల నకాషీ బొమ్మని ఫోటో తీసి గుడ్డ మీద కొట్టి, "చేర్యాల పెయింటింగ్" అని అమ్మితే ఒప్పుకుంటామా? ఇదీ అంతే.

కొనేముందు బొమ్మ కింద పద్ధతి పేరు రాయమనండి. నిజంగా ఎచింగే అయితే ఎచింగ్ అని రాయడానికి ఎవడికీ చెయ్యి వణకదు. వణికిందంటే, బేరం ఆపెయ్యండి :)