మా పెద్దల నలుపు మాకు కావాలి

తోట్లవల్లూరు లంకల్లో పసుపు తవ్వి, చెరుకు నరికి, బతుకంతా ఎండలో కాగిన మనిషి కన్నుమూస్తాడు. పెద్దకర్మకో, జ్ఞాపకార్థ కూడికకో ఫొటో కావాలి. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీది బొమ్మో, ఎవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటోనో. కొడుకు దాన్ని పట్టుకుని వుయ్యూరు పోతాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు తల కత్తిరించి, కోటు తొడిగి, వెనక నీలాకాశం పెట్టి, ముఖాన్ని తెల్లగా తోమి ఇస్తాడు. ఫ్లెక్సీ పేటలోకి వచ్చాక మనవడు అడుగుతాడు: "ఈయనెవరు నాన్నా? తాత ఫొటో ఏది?"

ఈ పసివాడికి మనం జవాబు చెప్పాలి.

ఇది కంప్యూటర్‌తో పుట్టిన రోగం కాదు. ఫిల్ము రోజుల్లో స్టూడియోవాళ్లు నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్దేవాళ్లు. దిద్దిన చోట వెలుతురు ఆగి, ప్రింటులో ముఖం తెల్లబడేది. రంగు ఫొటోలొచ్చాక కొడాక్ కంపెనీ, రంగులు సరిచూసుకోమని, తెల్ల స్త్రీ బొమ్మ ఉన్న 'షర్లీ కార్డు'ను ల్యాబులకు పంపేది. ఆమె ముఖం బాగా వస్తే ఫొటో బాగున్నట్టే! నల్లవాళ్ల ముఖాలు మసిముద్దల్లా వచ్చినా పట్టలేదు. చాక్లెట్ కంపెనీలు, కర్రసామాను కంపెనీలు తమ సరుకు రంగు సరిగా రావడంలేదని గొడవ చేశాక గానీ గోధుమరంగు మీద చూపు పడలేదు. మనిషి మొర వినని కంపెనీ సరుకు మొర విన్నది.

1990లో ఫొటోషాప్ అమ్మకానికి వచ్చింది. అది ఒక పనిముట్టు, కొడవలి లాంటిదే. చెదలు కొట్టిన ఫొటోను, 1977 ఉప్పెనలో తడిసి మరకపడ్డ ఫొటోను బతికించేదీ అదే. తప్పు పనిముట్టుది కాదు, దాన్ని నడిపే బుద్ధిది. ఆ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. చాలాచోట్ల అతనూ మన పిల్లాడే. "నల్లగా ఉంటే డబ్బులివ్వరండీ" అంటాడు. నిజమే! పెళ్లి సంబంధానికి ఆడపిల్ల ఫొటో పంపేటప్పుడు "కాస్త తెలుపు చెయ్యి బాబూ" అనేది మనమే కదా? 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. మన బుర్రల్లోంచి ఎప్పుడు తీస్తాం?

కోటు సంగతి వేరు. బాబాసాహెబ్ తొడిగిన కోటు మనకు గౌరవం. ఇష్టముంటే వేయించండి. కానీ మన చర్మం తప్పని ఎవరు చెప్పారు? ఆ నలుపు, ఆ ముడతలు, ఆ కొడవలి గాటు ఈ డెల్టాను ఎవరి చెమట పండించిందో చెప్పే సాక్ష్యాలు. కారంచేడు (1985), చుండూరు (1991) అమరులకు ఏటా దండలు వేస్తున్నాం. సాక్ష్యాలు తుడిచేవాళ్లతో ఇన్నేళ్లుగా కొట్లాడుతున్నవాళ్లం, మన సాక్ష్యాన్ని మన చేత్తోనే తుడుచుకుందామా?

అందుకని మా మాట ఇది. పాత ఫొటోను ముందు స్కాన్ చేయించి, ఎవరూ ముట్టని కాపీ ఒకటి దాచండి. మరక, చిరుగు బాగుచేయమనండి. రంగు, మచ్చ, ముడత ముట్టొద్దని చెప్పండి. పని అయ్యేదాకా పక్కనే నిలబడండి. ప్రింటు వెనక పేరు, ఊరు, చేసిన పని, సంవత్సరం రాయండి. సంఘం ఫ్లెక్సీలకూ ఇదే నియమం. కార్యకర్తలు ముందు తమ ఇళ్లలో మొదలుపెట్టాలి.

తాత ముఖాన్ని మనవడు గుర్తుపట్టాలి. జై భీమ్!