సొరుగులో బ్యాడ్జీ

మూడు నెలలకోసారి, ఒంటికి సోకిన రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలన్నీ ఏరి లెక్కకు పంపేవాళ్లం. తిరిగొచ్చిన కాగితంలో అందరి పేర్ల ఎదురుగా సున్నాలో, సున్నాకి దగ్గరి అంకెలో ఉండేవి. ఉండవూ మరి! సగం బ్యాడ్జీలు ఆ మూడు నెలలూ సొరుగులోనే, స్టేప్లర్ పక్కన పడుండేవి. ఎక్స్‌రే గదిలో అందరికీ తెలుసు. ఎవరం ఎవరినీ అడగలేదు.

లెడ్ ఏప్రాన్ ఒక్కటే, మేకుకి వేలాడుతూ, మడత దగ్గర పగిలిపోయి ఉండేది. బరువని మేమే వేసుకోం, ఇక వచ్చినవాళ్లకేం వేస్తాం! ఏడ్చే పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, "చేతులు గట్టిగా పట్టుకోమ్మా, కదలనివ్వకు" అని తల్లికి చెప్పి, మేం మాత్రం గోడ చాటుకి పోయేవాళ్లం. నువ్వేమైనా కడుపుతో ఉన్నావా తల్లీ అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? బయట జనం ఉన్నారనేవాళ్లం.

డాక్టర్ ఆలిస్ స్టీవార్ట్ అడిగించారు. 1950ల్లో బ్రిటన్‌లో, కేన్సర్‌తో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులని. కడుపులో ఉండగా ఎక్స్‌రే సోకిన పిల్లల్లో ఆ ముప్పు దాదాపు రెట్టింపని తేలింది. ఆమె మాట చెవిన పెట్టడానికి మా వృత్తికి ఏళ్లూ పూళ్లూ పట్టింది.

మేం చదువుకున్న పాఠం కూడా మాకు అనువుగానే ఉండేది. కిరణం తగిలితే కణం చస్తుంది, లేదా బాగుచేసుకుంటుంది, లేదా ఒక మార్పు మిగుల్తుంది. అంతటితో సరి. 1992లో మునీరా కధీమ్, ఎరిక్ రైట్ బృందం ఎలుక మజ్జలోని మూలకణాల మీద ప్లుటోనియం ఆల్ఫా కిరణాలు పడనిచ్చి, బతికినవాటిని పెంచి చూసింది. ఒకే కణానికి పుట్టిన సంతానంలో ఒకదాని క్రోమోజోమ్ ఒకచోట విరిగింది, ఇంకోదానిది మరోచోట. దెబ్బ తల్లికణంలోనే స్థిరపడి ఉంటే పిల్లలన్నిటికీ ఒకే మచ్చ రావాలి కదా. రాలేదు. అంటే ఆ విరుపులు తరవాతెప్పుడో, కిరణం ఊసే లేని రోజుల్లో కొత్తగా పుడుతున్నాయి. కణానికి తగిలింది ఒక్క దెబ్బ. తరాల పాటు మిగిలింది నిలకడలేనితనం. అదే ఏడాది నాగసావా, లిటిల్ అనే పరిశోధకులు ఇంకో వింత చూపారు. నూటికి ఒక కణం కేంద్రకాన్ని కూడా ఆల్ఫా తాకని మోతాదులో, నూటికి ముప్పై కణాల క్రోమోజోముల్లో మార్పు కనబడింది. తగలని పొరుగుకీ సెగ పాకిందన్నమాట.

ఒక్క ఛాతీ ఎక్స్‌రే ఇంత పని చేస్తుందని భయపెట్టడం లేదు. ఆల్ఫా దెబ్బ వేరు, ఆ మోతాదు వేరు. కానీ పొరుగు కణం సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం పిల్లాడి చేతులు పట్టుకుని నిలబడ్డ తల్లులే.

చదివాక మారానా? రిటైరయ్యే ఏడాది కొత్తగా చేరిన కుర్రాడు బ్యాడ్జీ జేబుకి పెట్టుకుని బుద్ధిగా వచ్చాడు. "పోతే సంజాయిషీ రాసుకోవాలి నాయనా, సొరుగులో పెట్టెయ్" అన్నది నేనే.