అడిగినదెంత, ఇచ్చినదెంత?

ఈ నెల మా కార్యాలయపు గోడు చదువరులకు చెప్పుకోక తప్పదు. సంఘం కాగితాలన్నీ ఇప్పుడు ఒక చిన్న ఫైలు సర్వరులో ఉన్నవి. పాత సంచికల పుటల బొమ్మలు, వివాహ సంబంధాల చిట్టా, చందా లెక్కలు, ఈ గడ్డకు వచ్చి స్థిరపడిన మన తాతల నాటి కుటుంబ వివరాలు అన్నీ అందులోనే. కార్యాలయంలోని నాలుగు కంప్యూటర్లూ ఎన్.ఎఫ్.ఎస్. అనే పద్ధతిలో దానిని పంచుకుంటున్నవి. కొన్ని వారాలుగా ఒక్క ఫైలు తెరవాలంటే కాఫీ తాగి వచ్చేటంత ఆలస్యం!

కార్యవర్గంలో రెండు మాటలు పుట్టినవి. చిట్టా రాసే గుమాస్తా గారు వయసు మళ్ళినవారు, వారికి యంత్రం చేతకాక దానిని మొరాయింపజేస్తున్నారన్నది ఒకటి. గ్రంథాలయ నిధి నుంచి సొమ్ము తీసి కొత్త సర్వరు కొనాలన్నది రెండవది. రెండింటికీ మేమూ తల ఊపినాము. ఇంతలో ఒక సభ్యుని కుమారుడు, ఇదే పనిలో ఉద్యోగం చేస్తున్న కుర్రవాడు, సెలవులకు వచ్చి, "బాబాయిగారూ, కొనడానికి ముందు లెక్క చూద్దామండీ" అన్నాడు. ఆ లెక్క సంగతే ఈ నెల మా మాట.

ఎన్.ఎఫ్.ఎస్.ను సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీవారు 1984లో తయారుచేశారు. దాని రెండవ రూపం వివరాలు 1989లోను, మూడవది 1995లోను, నాలుగవది 2000లోను అందరికీ అందేటట్టు ప్రకటింపబడినవి. ఎక్కడో ఉన్న యంత్రంలోని ఫైలు మన యంత్రంలోనే ఉన్నట్టు చూపడం దీని పని. అందుకని మన కంప్యూటరు ప్రతి చిన్న పనికీ సర్వరుకు ఒక వినతి పంపవలసి ఉంటుంది. లినక్సు యంత్రాలలో ఎన్.ఎఫ్.ఎస్.స్టాట్ అనే ఆజ్ఞ ఇస్తే, ఏ రకం వినతి ఎన్నిసార్లు వచ్చినదో పట్టీ కనబడుతుంది.

దీనిని కిరాణా కొట్టుతో పోల్చి చూడండి. "రీడ్" అంటే సరుకు పట్టుకెళ్ళడం. "రైట్" అంటే సరుకు తెచ్చి దింపడం. "లుకప్" అంటే ఫలానా పేరుగల సరుకు ఎక్కడున్నదని అడగడం. "రీడ్‌డిర్" అంటే అలమారలో ఏమేమి ఉన్నవో వరసగా చదివించుకోవడం. "గెట్‌యాటర్" అంటే ఫైలు పరిమాణమెంత, ఎప్పుడు మారినది అని విచారించడం. ధర అడిగి వెళ్ళేవాళ్ళు ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ అన్నట్టు, చాలా సర్వర్లలో గెట్‌యాటర్‌దే పెద్ద అంకె. అది పెద్దదైనంత మాత్రాన రోగమని అనుకోరాదు.

పట్టీ చూచి మోసపోకుండా ఉండడానికి ఆ కుర్రవాడు మాకు నాలుగు సంగతులు చెప్పాడు.

మొదటిది, ఆ అంకెలు సర్వరు మొదలైన నాటినుంచి పేరుకున్నవి. వాటిని చూచి నేటి సంగతి చెప్పలేము. రెండుసార్లు చూచి తేడా తీయాలి. ఉదాహరణకు, 10 గంటలకు 52,000 ఉండి, 10 నిమిషాల తరువాత 64,000 అయితే వచ్చినవి 12,000, అనగా సెకనుకు 20.

రెండవది, అంకె వినతులదే గాని బరువుది కాదు. ఒక రీడ్ 4 కిలోబైట్లు తేవచ్చు, మరొకటి 1 మెగాబైటు తేవచ్చు.

మూడవది, నాలుగవ రూపంలో "కాంపౌండ్" అనే ఒక్క మూటలో అనేక వినతులు కట్టి పంపుతారు. "పుట్‌ఎఫ్‌హెచ్" వంటివి ఆ మూటలతోపాటే వస్తూ ఉంటవి గనుక వాటి అంకె పెద్దదైతే కంగారుపడనక్కరలేదు. మూడవ రూపపు లెక్కతో దీనిని సరిపోల్చరాదు.

నాలుగవది, ఎన్నిసార్లో చెప్పే పట్టీ ఎంతసేపో చెప్పదు. అందుకు ఎన్.ఎఫ్.ఎస్.ఐఓస్టాట్ అనే వేరే ఆజ్ఞ ఉన్నది. వినతి వెళ్ళి జవాబు వచ్చేదాకా పట్టిన కాలం ఒకటి, మన కంప్యూటరులో క్యూలో నిలబడిన కాలం కూడా కలిపినది మరొకటి చూపుతుంది. మొదటిది తక్కువై రెండవది చాలా ఎక్కువైతే, వినతులు మన కంప్యూటరులోనే నిలిచిపోతున్నవన్నమాట. ఇక జవాబు రాక అదే వినతిని మళ్ళీ పంపితే "రీట్రాన్స్" పద్దులో పడుతుంది. అది పెరుగుతుంటే తీగలను, సర్వరును రెండింటినీ పరీక్షించాలి.

మా సర్వరు దగ్గర రెండుసార్లు చూచి తేడా తీశాము. రీడ్, రైట్ కొద్దిగానే ఉన్నవి. గెట్‌యాటర్, రీడ్‌డిర్ మాత్రం గుట్టలుగా ఉన్నవి! సర్వరు పట్టీ అందరిదీ కలిపి చూపుతుంది గనుక, ఎవరి వాటా ఎంతో తెలియడానికి నాలుగు కంప్యూటర్ల దగ్గరా విడివిడిగా లెక్క తీశాము. గుమాస్తా గారి వాటా అన్నిటికంటే తక్కువ. గుట్టంతా ఎవరిదంటారు? మాదే, ఈ పుటలు రాసే బల్లమీద కంప్యూటరుదే.

పాత సంచికల బొమ్మలు వేలకొద్దీ ఒకే ఫోల్డరులో పోసి, బొమ్మలు చూపే ప్రోగ్రామును రాత్రింబవళ్ళు తెరిచి ఉంచినాము. కొత్త బొమ్మ వచ్చినదా, పాతది మారినదా అని అది ఒక్కొక్క ఫైలునూ మళ్ళీ మళ్ళీ విచారిస్తూ ఉన్నది. తెలుసుకున్న వివరాన్ని కంప్యూటరు కొంతసేపు గుర్తుంచుకుంటుంది, మామూలు ఏర్పాటులో ఫైలుకు 3 నుంచి 60 సెకన్లు. ఆ గడువు తీరగానే మళ్ళీ అడగవలసిందే. ప్రోగ్రాము మూసినాము. బొమ్మలను ఏడాదికొక ఫోల్డరుగా సర్దినాము. ఫైళ్ళు ఎప్పటివలె తెరుచుకుంటున్నవి.

గ్రంథాలయ నిధి నిలిచినది. ఆ సొమ్ముతో శిథిలమవుతున్న పుస్తకాలకు బైండింగు చేయించాలని కార్యవర్గం అనుకుంటున్నది. గుమాస్తా గారిని గురించి మినిట్సులో రాసిన వాక్యాన్ని మేమే చదివి కొట్టివేయించినాము. వారు ఒక్క మాట అనలేదు. కళ్ళజోడు తుడుచుకుని చిట్టా తెరిచారు. మేము చేసిన తప్పు మా పత్రికలోనే ఒప్పుకోవడం న్యాయమని ఇది రాస్తున్నాము. మీ కార్యాలయాలలో, దుకాణాలలో ఇటువంటి సర్వరు నెమ్మదిస్తే, మనిషిని అనడానికి ముందు రెండుసార్లు లెక్క తీసి చూడవలసిందని మా మనవి.