ఫైలు పోలేదు, పేరు మారింది

కిందటి నెల ఒక స్నేహితుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, “గిట్ నా కోడు మింగేసిందిరా” అన్నాడు. వారం క్రితం సరిచేసిన తప్పు, మెర్జ్ అయ్యాక మళ్ళీ ప్రత్యక్షమైందట. కోడు ఎక్కడికీ పోలేదు, ఒక ఫైలు పేరు మారింది, అంతే. ఆ సంగతి కనుక్కోవడానికి మా ఇద్దరికీ గంట పట్టింది. 2019లో ఇదే సంగతి తెలియక నేను ఒక కుర్రవాడికి అన్యాయం చేశాను. అందుకే ఈ వ్యాసం.

అప్పట్లో నేను అమెరికాలో ఒక క్లయింటు దగ్గర కన్సల్టెంటుని. జావాలో రాసిన బిల్లింగు ప్రాజెక్టు. టీములో సగం మంది ఇక్కడ, సగం మంది హైదరాబాదులో. ప్రొడక్షన్లో నడుస్తున్న వర్షనుకి ఒక రిలీజు బ్రాంచి, కొత్త పనులకి మెయిన్ బ్రాంచి. ఆ రిలీజు బ్రాంచి పుట్టి అప్పటికి ఏడు నెలలు. ఈలోపు హైదరాబాదు టీము మెయిన్‌లో ప్యాకేజీల పేర్లన్నీ మార్చింది. దాదాపు 1,400 ఫైళ్ళు ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకి వెళ్ళాయి. అలా మార్చమన్నది ఇక్కడి ఆర్కిటెక్టే.

నేను రిలీజు బ్రాంచిలో మూడు ఫైళ్ళు సరిచేశాను. నెల మధ్యలో ప్లాను మార్చుకున్న కస్టమర్లకి పన్ను రెండుసార్లు పడుతోంది, దానికి మందు. ఆ వారం రిలీజు బ్రాంచిని మెయిన్‌లోకి మెర్జ్ చేసే వంతు, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాని ఒక హైదరాబాదు కుర్రవాడిది. మూడు వారాల తరవాత కొత్త రిలీజు వెళ్ళింది. పన్ను మళ్ళీ రెండుసార్లు పడింది.

హిస్టరీ తీసి చూస్తే అతని మెర్జ్‌లో నా మార్పులు లేవు. ఇంకేం కావాలి? “మెర్జ్ చేసేటప్పుడు కాన్‌ఫ్లిక్టులు చదవడం కనీస బాధ్యత” అని ఘాటుగా ఒక మెయిలు రాసి, రెండు వైపుల మేనేజర్లకీ కాపీ పెట్టాను.

ఆదివారం తీరిగ్గా కూర్చుని అదే మెర్జ్‌ని నా లాప్‌టాప్ మీద మళ్ళీ చేశాను. తెర మీద వందల లైన్లు జరజరా వెళ్ళిపోయాయి. పైకి వెళ్ళి ఒక్కొక్కటే చదువుతుంటే మధ్యలో ఒక హెచ్చరిక కనిపించింది. ఫైళ్ళు మరీ ఎక్కువగా ఉండటం వల్ల పేరు మారినవేవో పోల్చి చూడటం వదిలేశానని, లిమిట్ పెంచి మళ్ళీ ప్రయత్నించమని దాని సారాంశం. ఎంతకి పెంచాలో కూడా దాని కిందే ఉంది. పెంచి చూశాను. నా మూడు మార్పులూ కొత్త ఫోల్డర్లోని ఫైళ్ళలోకి వాటంతట అవే వెళ్ళి కూర్చున్నాయి. ఒక్క కాన్‌ఫ్లిక్టు కూడా రాలేదు.

సోమవారం అతనికి ఫోన్ చేశాను. “మెయిన్‌లో డిలీట్ అయింది, రిలీజులో మారింది, ఏది ఉంచాలి అని అడిగిందండీ. పాత ఫోల్డరు తీసేసింది మనమే కదా అని డిలీట్ అన్నాను” అన్నాడు. అతను వాడే ఎడిటరు కాన్‌ఫ్లిక్టులే చూపిస్తుంది, హెచ్చరికలు ఎక్కడో ఇంకో విండోలో ఉంటాయి. అడిగిన ప్రశ్నకి అతను సరైన జవాబే చెప్పాడు. ప్రశ్నే తప్పు.

ఆ ప్రశ్న ఎందుకు తప్పయిందో చెప్పాలంటే గిట్ ఫైళ్ళని ఎలా గుర్తుపడుతుందో చెప్పాలి.

లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్లో గిట్ రాసినప్పుడు, ఫైలు పేరు మారిందన్న సంగతిని ఎక్కడా నమోదు చెయ్యకూడదని నిర్ణయించుకున్నాడు. గిట్ ప్రతి కమిట్‌లోనూ మొత్తం ఫోల్డర్ల ఫోటో తీసి దాచుకుంటుంది. పేరు మారిందా లేదా అన్నది తరవాత, అవసరం వచ్చినప్పుడు, రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి ఊహిస్తుంది. మన పాత సినిమాల్లో చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు పుట్టుమచ్చ చూసి ఒకరినొకరు గుర్తుపట్టినట్టు, ఇక్కడ మాయమైన ఫైలుకీ అక్కడ కొత్తగా వచ్చిన ఫైలుకీ పోలికలు చూస్తుంది. ఫైలుని లైన్ల లెక్కన ముక్కలు చేసి, ఎన్ని ముక్కలు కలిశాయో చూసి, దాన్ని రెండిట్లో పెద్ద ఫైలు సైజుతో భాగిస్తుంది. సగం కలిస్తే అదే ఫైలు. కలవకపోతే పాతది పోయింది, కొత్తది పుట్టింది. ఆ “సగం” మనం మార్చకపోతే ఉండే 50 శాతం.

నా స్నేహితుడి కథ ఇక్కడే ఉంది. ఇరవై లైన్ల చిన్న ఫైలు. ఎవరో దాన్ని వేరే ఫోల్డరుకి మార్చి, పైన పాతిక లైన్ల కాపీరైటు నోటీసు అంటించారు. నలభై అయిదులో కలిసినవి ఇరవై, అంటే సగానికి తక్కువ. కోడు ఒక్క అక్షరం మారలేదు, అయినా గిట్ లెక్కలో ఆ ఫైలు చచ్చిపోయింది.

నా కథ వేరు. 1,400 పాత ఫైళ్ళని 1,400 కొత్త ఫైళ్ళతో పోల్చాలంటే దాదాపు ఇరవై లక్షల జతలు. పేరుతో పాటు ప్యాకేజీ లైను, ఇంపోర్టు లైన్లు కూడా మారాయి కాబట్టి అచ్చుగుద్దినట్టు కలిసేవి లేవు. మెర్జ్‌కి అప్పటి లిమిట్ 1,000, అంటే వెయ్యి వేలు, పది లక్షల జతలు. లెక్క దాటింది కాబట్టి పోలిక మొత్తం మానేసింది.

న్యాయంగా చెప్పాలంటే ఈ విషయంలో గిట్ తరవాత చాలా బాగుపడింది. ఇలైజా న్యూరెన్ అనే ప్రోగ్రామరు మెర్జ్ భాగాన్ని మొత్తం తిరగరాశాడు. ఆర్ట్ అనే ఆ కొత్త పద్ధతి 2021 నవంబరులో వచ్చిన 2.34 నుంచి అందరికీ అదే వస్తోంది. దాని వెనకున్న ఆలోచనలు కంప్యూటర్ సైన్సు చదువుకున్న వాళ్ళకి ముచ్చటగా ఉంటాయి. మొదటిది, అవతలి బ్రాంచి ముట్టుకోని ఫైలు పేరు మారితే మనకేంటి? దాన్ని పోల్చడమే దండగ. మా మెర్జ్‌లో ముఖ్యమైనవి మూడు ఫైళ్ళే. రెండోది, పెళ్ళిలో సుబ్బారావు ఎవరని అడిగితే పదిమంది లేస్తారు, వేంకటాచలపతి అంటే ఒక్కడే లేస్తాడు. అలాగే ఫోల్డరు ఏదైనా, ఆ ఫైలు పేరు ఒక్కటే ఉంటే ముందు దానితోనే పోల్చి చూడాలి. ఇలాంటివి చేర్చి, లిమిట్‌ని కూడా 7,000కి పెంచారు. మా 2019 మెర్జ్ ఇవాళ చేస్తే చిక్కు రాదు.

అయితే సమస్య తీరిపోయిందా? నా స్నేహితుడు వాడుతున్నది కొత్త గిట్టే.

చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: “పేరు మార్చడానికి ఒక కమిట్, లోపలి మార్పులకి ఇంకో కమిట్ వాడండి, అంతా సవ్యంగా ఉంటుంది.” నేనూ చాలా ఏళ్ళు ఇదే చెప్పాను. ఫైలు చరిత్ర చదువుకోవడానికి అది మంచిదే. మెర్జ్‌కి మాత్రం అది చాలదు. ఎందుకంటే మెర్జ్ చూసేది మూడు ఫోటోలే: రెండు బ్రాంచీలూ విడిపోయిన చోటు, ఈ బ్రాంచి చివర, ఆ బ్రాంచి చివర. మధ్యలో మీరు ఎంత శుభ్రంగా కమిట్లు చేసినా అది వాటివైపు తిరిగి చూడదు. పేరు మార్చిన కమిట్‌లో పోలిక నూటికి నూరు ఉండొచ్చు. ఆ తరవాత ఆరు నెలలు ఫైలుని చెక్కుకుంటూ పోతే చివర్లో మిగిలేది నలభయ్యే. ఏడు నెలలు బతికిన బ్రాంచిలో అసలు ప్రమాదం ఇదే. గిట్‌లో బ్రాంచి అంటే ఒక కమిట్ నంబరు రాసి పెట్టుకున్న చీటీ మాత్రమే. తియ్యడం అంత చవక కాబట్టి ఉంచడం కూడా చవకే అనుకుంటాం.

మరైతే పేరు మార్పుని నమోదు చేస్తే పోదా అంటారు. సబ్‌వర్షన్ చేసింది అదే. అయినా దాని మెర్జ్‌లు పేరు మారిన ఫైళ్ళ దగ్గర తడబడేవి, ట్రీ కాన్‌ఫ్లిక్ట్ అని గుర్తించి చెప్పడం కూడా 2009లో వచ్చిన 1.6తోనే మొదలైంది. పైగా ఫైలుని మామూలుగా ఎడిటర్లోనో ఎక్స్‌ప్లోరర్లోనో జరిపేసి, టూలుకి చెప్పడం మర్చిపోతే నమోదు ఉండదు. ఒక ఫైలుని రెండుగా చీల్చితే దాని వారసుడు ఎవరు? టోర్వాల్డ్స్ వాదన ఇదే: ఫైలుకంటే అందులోని సరుకు ముఖ్యం, అది ఎటైనా వెళ్తుంది. ఆ వాదనలో బలం ఉందని ఒప్పుకుంటాను.

నేను ఒప్పుకోనిది ఒక్కటే. ఊహ కుదరనప్పుడు గిట్ “డిలీట్ అయింది” అంటుంది. దానికి తెలిసింది అది కాదు. దానికి తెలిసింది “పాత చోట కనపడలేదు, ఎటు వెళ్ళిందో పోల్చుకోలేకపోయాను” అని. ఈ రెండు వాక్యాలకీ తేడా ఎంతో ఆ కుర్రవాణ్ణి అడగండి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఒక వైపు మారి, ఇంకో వైపు మాయమైన ఫైలు తగిలినప్పుడు, ఆ ఒక్క ఫైలు కోసం మెర్జ్ చరిత్రలోకి వెనక్కి నడవాలి. అది ఏ కమిట్‌లో మాయమైందో పట్టుకుని, ఆ కమిట్ వరకే పోలిక చూడాలి. అక్కడ పోలిక నూటికి నూరో తొంభయ్యో దొరుకుతుంది. వేల ఫైళ్ళకి చెయ్యనక్కర్లేదు, కాన్‌ఫ్లిక్టుకి వచ్చిన నాలుగైదింటికే చేస్తే చాలు, కాబట్టి ఖర్చు కూడా పెద్దగా కాదు. దొరికితే “ఇది అక్కడికి వెళ్ళినట్టుంది, అవునా?” అని మనిషిని అడగాలి.

అడగడం గిట్‌కి తెలియని విద్యేమీ కాదు. 2018లో వచ్చిన 2.18లో, ఒక ఫోల్డరు మొత్తం పేరు మారితే, అవతలి బ్రాంచిలో పాత ఫోల్డర్లో పెట్టిన కొత్త ఫైలుని కూడా అదే వైపు జరిపే తెలివి పెట్టారు. అది ఒక్కోసారి ఎవరూ అనుకోని చోట ఫైళ్ళు పెట్టింది. దాంతో 2019 జూన్‌లో 2.22 వచ్చేసరికి, తనంతట తాను ఖాయం చెయ్యకుండా కాన్‌ఫ్లిక్టుగా చూపించి మనల్ని నిర్ధారించమనేలా మార్చారు. మెర్క్యూరియల్‌లో ఇంకో మంచి అలవాటుంది. ఆడ్‌రిమూవ్ అనే కమాండుకి పోలిక శాతం ఇస్తే, కమిట్‌కి ముందే ఏది ఏదిగా మారిందో ఊహించి చూపిస్తుంది. పేరు మార్చిన మనిషి అప్పుడు అక్కడే ఉంటాడు. ఏడు నెలల తరవాత ఇంకో ఊళ్ళో ఇంకొకరిని అడగటం కంటే అది నయం కదా?

ఇవన్నీ వచ్చేదాకా మనం చెయ్యగలిగింది కొంత ఉంది. డిలీట్ అయిందని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పేముందు ఆ ఫైలు చివరిసారి కనిపించిన కమిట్ తెరిచి చూడండి. ఫైండ్ రినేమ్స్ ఆప్షనుతో 50ని 30కి తగ్గించి ఒకసారి ప్రయత్నించండి, సంబంధం లేని ఫైళ్ళు అంటుకున్నాయేమో సరిచూసుకోండి. అదీ కుదరకపోతే రెండు అంచెల్లో చెయ్యండి: పేరు మార్చిన కమిట్ దగ్గర ఒక తాత్కాలిక బ్రాంచి తీసి, రిలీజు బ్రాంచిని ముందు అందులోకి మెర్జ్ చేసి, ఆ తరవాత దాన్ని మెయిన్‌లోకి తీసుకురండి. రెండో అంచెలో రెండు వైపులా ఫైలు ఒకే పేరుతో ఉంటుంది కాబట్టి ఊహతో పనే ఉండదు. వేల ఫైళ్ళ పేర్లు మార్చేటప్పుడు, పాత రిలీజు బ్రాంచి ఇంకా ఎన్నాళ్ళు బతకాలో ముందు అడిగి తెలుసుకోండి.

ఇక ఆ మెయిలు. మంగళవారం నాడు ఇంకో మెయిలు రాశాను, అదే మేనేజర్లకి కాపీ పెట్టి, తప్పు నాదని, హెచ్చరిక చూడకుండా నింద వేశానని. హైదరాబాదు లీడ్ ఫోన్ చేసి, “రాసినందుకు థాంక్సండీ. కాని ఈ క్వార్టరు రేటింగులు శుక్రవారమే పంపేశాం” అన్నారు. ఆ తరవాత ఏం మార్చగలిగారో నాకు చెప్పలేదు. ఇక్కడ కూర్చుని అక్కడివాళ్ళ మీద మెయిళ్ళు రాసే స్థానంలో మనలో చాలామందిమి ఉన్నాం. హిస్టరీలో ఒక పేరు కనపడగానే వేలు చూపించడం తేలిక. టూలు అతన్ని ఏమని అడిగిందో ముందు చూద్దాం.