ఊఁ కొట్టిన పిల్లలు

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడులు ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, వాటి సరసన తెలుగు. లింబాయత్, ఉధనా పేటల్లో మరమగ్గాల చప్పుడు మధ్య అఆలు దిద్దే మన పిల్లల్లో చాలామంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి బతుకుదెరువుకు వెళ్లిన పద్మశాలీల బిడ్డలు. వారమంతా బడిలో ఏడు భాషలుగా విడిపోయే ఈ పిల్లలందరికీ 1990ల చివర్లో ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒకటే భాష, ఒకటే హీరో. హీరో పేరు శక్తిమాన్.

ఆ సీరియల్ 1997 సెప్టెంబర్ 13న దూరదర్శన్‌లో మొదలై 2005 మార్చిదాకా సాగింది. ‘మహాభారత్’లో భీష్ముడిగా దేశమంతటికీ తెలిసిన ముకేశ్ ఖన్నా దాన్ని నిర్మించి, హీరో వేషం కూడా తానే కట్టాడు. అమెరికా సూపర్‌మాన్ వేరే గ్రహం నుంచి ఊడిపడితే, మన శక్తిమాన్‌కు బలం కుండలినీ యోగం వల్లా పంచభూతాల వల్లా వచ్చింది. మామూలు వేళల్లో అతను ఎత్తుపళ్లతో, కళ్లద్దాలతో పత్రికాఫీసులో ఫొటోలు తీసే గంగాధర్. అదే పత్రికలో విలేఖరి గీతా విశ్వాస్. లోకమంతా చీకటే మిగలాలని చూసే తమరాజ్ కిల్విష్‌గా నటించిన సురేంద్రపాల్ అంతకుముందు ‘మహాభారత్’లో ద్రోణుడు. కురుక్షేత్రంలో ఒకే పక్షాన పోరాడిన భీష్మద్రోణులు ఇక్కడ ఎదురుబొదురుగా నిలబడ్డారన్నమాట. కేబుల్ కనెక్షన్‌తో పనిలేదు. మేడమీద యాంటెన్నా ఉంటే చాలు, పక్కింట్లో ఉన్నా చాలు.

ఈ కథకు పిల్లలు ముందుగా ఒళ్లంతటితో జవాబు చెప్పారు. శక్తిమాన్ ఒక చెయ్యి పైకెత్తి బొంగరంలా తిరిగి మాయమవుతాడు కదా, దేశంలోని సందుగొందులన్నిటిలో పిల్లలు అలాగే గిరగిరా తిరిగి, కళ్లు తిరిగి కిందపడి నవ్వుకున్నారు. తర్వాత భయపెట్టే వార్తలు మొదలయ్యాయి. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు మేడ మీద నుంచి దూకారని, ఒంటికి నిప్పు పెట్టుకున్నారని పత్రికలు రాశాయి. సీరియల్ ఆపెయ్యాలన్న డిమాండ్లు వచ్చాయి. ఆ ప్రమాదాలను సీరియల్‌కు అంటగట్టడం సరికాదని ముకేశ్ ఖన్నా వాదిస్తూ వచ్చాడు. చివరికి శక్తిమాన్ వేషంలోనే కెమెరా ముందు నిలబడి, నేను చేసేవి మీరు చెయ్యకండి అని పిల్లలకు చెప్పుకోవాల్సి వచ్చింది.

అలాంటి ఘటన ఒక్కటి నిజమైనా తీసిపారేసే సంగతి కాదు. కానీ దాన్నుంచి పెద్దలు తేల్చుకున్నది మాత్రం తొందరపాటు తీర్పు: పిల్లలు చూసినదల్లా నమ్ముతారు, కనుక చూపించకూడదు. గిరగిరా తిరిగి కిందపడి నవ్విన పిల్లల్లో ఎక్కువమందికి తాము ఆడుతున్నామని బాగా తెలుసు. ఆ లెక్కలేనంతమంది నవ్వులు ఏ పత్రికకూ వార్త కాలేదు.

సీరియల్ మీద సాహిత్య విమర్శకుడి కోపం వేరే ఉంటుంది, ఉండాలి కూడా. సంభాషణలు పలచన, గ్రాఫిక్స్ ఆ రోజులకే నాసిరకం, నీతి మరీ ఎక్కువ. అయినా అందులో ఒక ముక్క ఆలోచించదగ్గది ఉంది. ఎపిసోడ్ చివర్లో శక్తిమాన్ కథలోంచి బయటికి వచ్చి, చెత్త పారేసిన పిల్లాడితోనో అబద్ధమాడిన పిల్లతోనో మాట్లాడేవాడు. వాళ్లు ‘సారీ శక్తిమాన్’ అనేవారు. పెద్దయ్యాక అందరూ దాన్ని వేళాకోళం చేశారు, అది సహజమే. కానీ టీవీలో కథ చెప్పేవాడు వినేవాడి వైపు తిరిగి, నువ్వు అక్కడ ఉన్నావని నాకు తెలుసు అన్నట్టు మాట్లాడటం అరుదు.

పద్మశాలీల ఇళ్లలో అది అరుదు కాదు. వాళ్లకు తమదైన అతీతశక్తుల వీరుడు ఎప్పటినుంచో ఉన్నాడు. మార్కండేయుడి కొడుకు భావనారుషి తామరతూడుల నారతో దేవతలకు బట్ట నేస్తాడు, పులినెక్కి రాక్షసులతో తలపడతాడు. ఈ కథను పద్మశాలీలకు చెప్పే హక్కు కూనపులివారిది. చేర్యాల నకాషీ చిత్రకారులు ఎర్రటి నేల మీద రంగుల్లో రాసిన పొడవాటి పటాన్ని నిలబెట్టి, ఒక్కో అరనే విప్పుతూ, పాడుతూ, కర్రతో బొమ్మ చూపిస్తూ రాత్రుళ్లపాటు నడిపే కథ అది. అంటే ఇవాళ్టి మాటలో సీరియలే. ఒక అర చుట్టేస్తే ఒక ఎపిసోడ్ అయిపోయినట్టు. అయితే కూనపులివాడి ముందు జనం ఊఁ కొడుతూ ఉంటారు. ఆ ఊఁ పలచబడితే గొంతు పెంచుతాడు, పిల్లలు జడుసుకుంటే హాస్యం కలుపుతాడు, పేరుగల పెద్ద మనసు పెట్టి వింటుంటే అతని వంశాన్ని కథలోకి లాగుతాడు. వినేవాడి మొహమే అతనికి రాతప్రతి.

టీవీ పెట్టెకు ఆ మొహం కనబడదు. అది వినిపించుకోవాలంటే వినేవాళ్లు గట్టిగా ఏదైనా చెయ్యాలి.

1988లో చేశారు. సూరత్ నుంచి ముంబై వెళ్లే రైలు దారిలో, వల్సాడ్ జిల్లా ఉమర్‌గావ్‌లోని స్టూడియోలో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ తీశాడు. పట్టాభిషేకంతో కథ ముగించాలనుకున్నాడు. 1988 జులై 31న చివరి ఎపిసోడ్ వచ్చింది. అక్కడ ఆగడానికి వీల్లేదన్నారు జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు. వాల్మీకిని తమవాడిగా కొలిచే ఆ జనానికి, వాల్మీకి స్వయంగా కథలోకి వచ్చే లవకుశుల ఘట్టం లేకుండా రామాయణం పూర్తికాదు. చీపుళ్లు కింద పెట్టారు. వీధుల్లో చెత్త పేరుకుంది, సమ్మె ఇతర ఊళ్లకు పాకింది, ప్రభుత్వం దిగివచ్చింది, సాగర్ ఉత్తర కాండ తీశాడు. భారత సాహిత్య చరిత్ర రాసేవాళ్లు ఒక పాఠకవర్గం కావ్యానికి మరో కాండ సంపాదించుకున్న సంఘటనగా దీన్ని ఎక్కడా చేర్చుకోరు. ఎందుకు చేర్చుకోరన్నది అడగాల్సిన ప్రశ్నే.

విచిత్రంగా సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో మరో జనం మరో కథ మీద తీర్పు చెప్పారు. బాట్‌మాన్ వెంట తిరిగే రెండో రాబిన్, జేసన్ టాడ్ అనే కుర్రాడు బతకాలా చావాలా అని డీసీ కామిక్స్ సంస్థ పాఠకులనే అడిగింది. సెప్టెంబర్‌లో రెండు ఫోన్ నంబర్లు ఇచ్చింది, కాల్‌కు 50 సెంట్లు. చావాలన్నవి 5,343, బతకాలన్నవి 5,271. డెబ్బై రెండు కాల్స్ తేడాతో కుర్రాడు పోయాడు. ఒకచోట జీతం పోయినా పరవాలేదని కథను పొడిగించుకున్నారు, ఇంకోచోట యాభై సెంట్లు కట్టి పిల్లాణ్ణి చంపించారు. రెండిటినీ ప్రేక్షకుల స్పందన అనే ఒకే గంపలో వేసి కొలవడం ఎంత మోటు పనో ఈ ఒక్క ఏడాదే చెబుతుంది.

శక్తిమాన్ మొదలైన మూడు నెలలకే, 1997 డిసెంబర్ 16న, జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ ఒకటి చూసి దాదాపు 700 మంది, ఎక్కువగా పిల్లలు, ఆస్పత్రుల పాలయ్యారు. ఎర్రటి, నీలపు వెలుగులు సెకనుకు పన్నెండుసార్లు మెరిసిన కొద్ది క్షణాల ఫలితం. అక్కడ నమ్మకంతో పనిలేదు, కళ్లూ మెదడూ చాలు. సీరియల్‌ను నాలుగు నెలలు ఆపి, ఏ వెలుగు ఎంత వేగంగా మెరవవచ్చో నియమాలు రాసుకున్నారు. మనకూ అంత ఓపిక ఉండి ఉంటే శక్తిమాన్ వార్తల్లో ఏది ఆట, ఏది ప్రమాదం, ఏది ఇంట్లో ఇంకేదో కష్టం అని విడదీసి చూసేవాళ్లం.

జనం చూసినదల్లా నమ్ముతారన్న ఈ తీర్పు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. తిరుపతి యాత్ర చేసి మద్రాసు వెళ్లి ఎన్టీ రామారావు ఇంటి ముందు నిలబడిన జనం, వెండితెర కృష్ణుడికీ మనిషికీ తేడా తెలియని అమాయకులని నవ్విన మేధావులు చాలామంది. అదే రామారావు 1980లో ఆంజనేయుడి వరంతో ఎగిరే ‘సూపర్‌మాన్’గా కూడా వచ్చాడు. జనం ఆ సినిమాకు కృష్ణుడి సినిమాలకు పట్టినంత హారతి పట్టలేదు. చూసినదల్లా నమ్మేవాళ్లయితే ఎగిరే రామారావునూ దేవుణ్ణి చేసేవాళ్లే కదా.

2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ‘రామాయణ్’నూ ‘శక్తిమాన్’నూ మళ్లీ వేసింది. ఏప్రిల్ 16న ‘రామాయణ్’ను 7.7 కోట్ల మంది చూశారని, అది ప్రపంచ రికార్డని ప్రకటించుకుంది. ఆ తేదీకి ఆరు రోజుల ముందు, ఏప్రిల్ 10 రాత్రి, సూరత్ లస్కానా ప్రాంతంలో మరమగ్గాల కార్మికులు, ఎక్కువగా ఒడిశావాళ్లు, జీతాలివ్వండి, ఊళ్లకు పంపండి అంటూ రోడ్డెక్కారు. బళ్లు తగలబడ్డాయి, పోలీసులు పదుల సంఖ్యలో అరెస్టు చేశారు. టీవీ ముందు కూర్చోండి అని దేశానికి చెప్పిన వారాల్లో, కూర్చోవడానికి ఇల్లు లేని జనం ఇచ్చిన జవాబు ఇది. 7.7 కోట్ల అంకెలో ఇది కనబడదు. రేటింగు ఎన్ని పెట్టెలు వెలుగుతున్నాయో చెబుతుంది, వాటి ముందు ఎవరు ఏమంటున్నారో చెప్పదు.

సూరత్‌కు స్పందించే మరో పద్ధతి ఉంది, అది గుడ్డ మీద. ‘పుష్ప’ 2021 డిసెంబర్‌లో వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే అల్లు అర్జున్, రష్మిక బొమ్మలు అచ్చువేసిన చీర సూరత్ బజారులో తయారైంది, దేశం నలుమూలల నుంచి ఆర్డర్లు వచ్చాయి. ఎర్రచందనం కూలీ వేషంలోని తెలుగు హీరో పాలియెస్టర్ కుచ్చిళ్లలో మడతపడ్డాడు. చేర్యాల పటం కూడా గుడ్డ మీద కథే. అయితే పటం ఎదుట కథకుడు ఉంటాడు, చీర దగ్గర ధర చెప్పేవాడు ఉంటాడు. చిన్నచూపు చూడాల్సిన పనిలేదు గానీ, ఆ తేడా మాత్రం గుర్తుంచుకోవాలి.

మన సాహిత్య పత్రికలు రాసినవాళ్లను తెగ పట్టించుకుంటాయి. చదివినవాళ్లను ఉత్తరాల పేజీకి నెట్టేస్తాయి. చూసినవాళ్లు, విన్నవాళ్లు వాటి లెక్కలోనే లేరు. 1997కూ 2005కూ మధ్య సూరత్ తెలుగు బడుల్లో చదివిన పిల్లలు ఇవాళ ఇరవైల చివరి నుంచి నలభైల మొదటిదాకా వయసుల్లో ఉన్నారు. కొందరు మరమగ్గాల దగ్గరే, కొందరు చీరల దుకాణాల్లో, కొందరు వెనక్కి వచ్చి సిరిసిల్లలో, హైదరాబాదులో. ఇంట్లో నాయనమ్మ చెప్పిన భావనారుషి పులి, టీవీలో హిందీ మాట్లాడిన గంగాధర్, వీధిలో ఒడియా, మరాఠీ పిల్లలతో కలిసి తిరిగిన తిరుగుళ్లు, అన్నీ కలగలిసిన బాల్యం వాళ్లది. అది తెలుగు బాల్యమే. వలస కథలంటే మగ్గం, కూలి, అప్పు మాత్రమే అనుకునే మన కథల్లో దానికి చోటు దక్కలేదు.

ఆ బాల్యం గురించిన రాతలు ఈ పత్రిక అడుగుతోంది. ఏ ఎపిసోడ్ చూసి ఏం చేశారు, ఎవరితో కలిసి చూశారు, హిందీలో అర్థం కానిచోట ఎవరు విప్పి చెప్పారు, పెద్దలు ఏమని తిట్టారు, రాయండి. భాష మీద బెంగ వద్దు. లింబాయత్ తెలుగులో గుజరాతీ దొర్లుతుంది, హిందీ దొర్లుతుంది, వాక్యం మధ్యలో దారి మారుతుంది. దిద్దకుండా అలాగే వేస్తాం.